వైద్యుని వెంట నిలిచే కొలువులు: కరవు సీమ విద్యార్థికి పారామెడికల్ దారులు

అనంతపురం: ఇంటర్మీడియెట్ ఫలితాలు వెలువడగానే జిల్లాలోని బైపీసీ విద్యార్థుల ఇళ్లలో ఒకటే చర్చ. వైద్య విద్యలో సీటు దక్కేది కొందరికే. మిగిలినవారు మరో ఏడాది నీట్ శిక్షణకు పోవాలా, బీఎస్సీలో చేరాలా, వేరే దారి చూసుకోవాలా అన్న సందిగ్ధంలో పడుతుంటారు. ఆ వేరే దారుల్లో ముఖ్యమైనది పారామెడికల్ విద్య. రక్తం పరీక్షించేవారు, ఎక్స్‌రే తీసేవారు, డయాలసిస్ యంత్రం నడిపేవారు, పక్షవాతం వచ్చినవారిని తిరిగి నడిపించేవారు, అందరూ ఈ కోవలోకే వస్తారు. కేంద్ర చట్టం వీటిని అనుబంధ ఆరోగ్య వృత్తులని వ్యవహరిస్తున్నది.

సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే సీమ ఇది. వాన పడితే వేరుశనగ, పడకుంటే బెంగళూరు వలస అన్నట్లు బతికే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. అటువంటి ఇంట్లో బిడ్డ చదువుకు పెట్టే సొమ్ము ఒక పంట రాబడి కావచ్చు, బోరు వేయడానికి దాచుకొన్నది కావచ్చు, వడ్డీకి తెచ్చినది కావచ్చు. ఆ సొమ్ము గుర్తింపు లేని సంస్థ పాలైతే తిరిగి రాదు. పోయిన రెండేళ్లు కూడా తిరిగి రావు. అందువలన ఈ చదువుల్లో చేరే ముందు విద్యార్థి, తల్లిదండ్రులు వేసుకోవలసిన మొదటి ప్రశ్న ఒక్కటే: ఈ సర్టిఫికెట్టుతో ప్రభుత్వ బోర్డులో రిజిస్ట్రేషన్ లభిస్తుందా? మిగిలిన వివరాలన్నీ దాని తరువాతివే.

జిల్లాలో పెరిగిన అవసరం

ఒకప్పుడు గుండె జబ్బు వచ్చినా, మూత్రపిండాలు చెడినా జిల్లావాసులు బెంగళూరుకో, వేలూరుకో, హైదరాబాదుకో పోవలసి వచ్చేది. ఈ పరిస్థితి అంచెలంచెలుగా మారింది. 1991 నవంబరు 22న పుట్టపర్తి సమీపాన ప్రశాంతిగ్రాంలో శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థను నాటి ప్రధాని పి.వి.నరసింహారావు ప్రారంభించారు. గుండె శస్త్రచికిత్సలు ఉచితంగా చేసే ఈ ఆసుపత్రితో హార్ట్-లంగ్ మిషన్ నడిపే పెర్ఫ్యూజనిస్టు, క్యాథ్‌ల్యాబ్ టెక్నీషియన్ వంటి కొలువులు ఈ ప్రాంతానికి పరిచయమయ్యాయి. 2000లో అనంతపురంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పాటైంది. అదే సంవత్సరం బత్తలపల్లిలో గ్రామీణాభివృద్ధి సంస్థ, అంటే ఆర్డీటీ, ఆసుపత్రి తెరిచింది. కళ్యాణదుర్గం, కణేకల్లులలోనూ ఆ సంస్థ ఆసుపత్రులు నడుపుతున్నది.

2005 ఆగస్టు 15న రాష్ట్రంలో 108 అంబులెన్సు సేవలు మొదలయ్యాయి. అంబులెన్సులోనే ప్రథమ చికిత్స చేసే అత్యవసర వైద్య టెక్నీషియన్ అనే కొత్త కొలువు దానితోపాటే వచ్చింది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకాన్ని తొలిదశలో మూడు వెనుకబడిన జిల్లాల్లో ప్రారంభించగా, మహబూబ్‌నగర్, శ్రీకాకుళంతోపాటు అనంతపురం అందులో ఒకటి. ఆ తరువాత పథకం పేర్లు మారినా, పేద రోగికి శస్త్రచికిత్స ఖర్చు ప్రభుత్వమే భరించే పద్ధతి కొనసాగింది. ప్రైవేటు ఆసుపత్రులు పెరిగాయి. ఆపరేషన్ థియేటర్లు, స్కానింగు కేంద్రాలు, ప్రయోగశాలలు పెరిగాయి. వాటిని నడిపే మనుషుల అవసరమూ పెరిగింది.

2019 అక్టోబరు 10న వైఎస్సార్ కంటివెలుగు కార్యక్రమాన్ని నాటి ముఖ్యమంత్రి అనంతపురంలోనే ప్రారంభించారు. అటువంటి శిబిరాల్లో తొలి వరుసలో నిలిచి చూపు పరీక్షించేది కంటి సహాయకులే. 2020 మార్చిలో కొవిడ్ వచ్చినప్పుడు రాష్ట్రంలో తొలుత పరీక్షలు చేసిన కొద్దిపాటి ప్రయోగశాలల్లో అనంతపురం వైద్య కళాశాల ప్రయోగశాల ఒకటి. ల్యాబ్ టెక్నీషియన్ విలువ ఏమిటో సామాన్యునికి తెలిసివచ్చింది అప్పుడే.

2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా విడివడింది. పుట్టపర్తి, బత్తలపల్లి, హిందూపురం, కదిరి, ధర్మవరం ఆ జిల్లాలోకి వెళ్లాయి. పరిపాలనలో వేరైనా, ఉమ్మడి జిల్లా విద్యార్థులకు ఈ ఆసుపత్రులన్నీ అందుబాటులో ఉన్నవే.

చట్టం చెబుతున్నదేమిటి?

వైద్యులకు, నర్సులకు, ఫార్మసిస్టులకు జాతీయ మండళ్లు ఎప్పటినుంచో ఉన్నాయి. నర్సింగ్ మండలి చట్టం 1947 నాటిది, ఫార్మసీ చట్టం 1948 నాటిది. ల్యాబ్, ఎక్స్‌రే, డయాలసిస్, ఫిజియోథెరపీ వంటి వృత్తులకు దేశమంతటా వర్తించే చట్టం మాత్రం 2021 వరకు లేదు. ఆ ఏడాది మార్చిలో పార్లమెంటు జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. 10 తరగతులుగా విభజించి 50కి పైగా వృత్తులను అందులో చేర్చారు.

ఈ చట్టం రెండు స్థాయిలను గుర్తిస్తున్నది. రెండు నుంచి నాలుగేళ్ల వ్యవధిలో కనీసం 2,000 గంటల శిక్షణతో డిప్లొమా గాని డిగ్రీ గాని పొందినవారు అనుబంధ ఆరోగ్య వృత్తి నిపుణులు. మూడు నుంచి ఆరేళ్ల వ్యవధిలో కనీసం 3,600 గంటల శిక్షణతో డిగ్రీ పొందినవారు ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణులు. ఈ అంకెలను విద్యార్థులు గుర్తుంచుకోవాలి. ఆరు నెలల్లో ల్యాబ్ టెక్నీషియన్‌ను చేస్తామనో, ఆదివారం తరగతులతో రేడియాలజీ నేర్పుతామనో గోడలకు అంటించే ప్రకటనలు ఈ కొలతలో నిలువవు.

దూరవిద్యకూ ఇదే వర్తిస్తుంది. ఈ చట్టం పరిధిలోకి వచ్చే కోర్సులను దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో నడపరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2025లో ఉత్తర్వులిచ్చింది. పోషకాహార శాస్త్రం, మనస్తత్వ శాస్త్రం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. రోగిని చూడకుండా, చేతితో చేసి చూడకుండా నేర్వగల విద్యలు కావివి.

మన రాష్ట్రంలో డిప్లొమా కోర్సులకు ఆంధ్రప్రదేశ్ పారామెడికల్ బోర్డు గుర్తింపునిచ్చి, పరీక్షలు నిర్వహించి, ఉత్తీర్ణులను రిజిస్టరు చేస్తున్నది. డిగ్రీ కోర్సులు విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం పరిధిలో నడుస్తాయి. ఒకటి బోర్డు దారి, మరొకటి విశ్వవిద్యాలయం దారి. ఈ రెండింటిలో దేనితోనూ సంబంధం లేని సంస్థ రాష్ట్రంలో పారామెడికల్ కోర్సు చెబుతామంటే అనుమానించవలసిందే.

మూడు మెట్లు

మొదటి మెట్టు: పదో తరగతి తరువాత ఇంటర్మీడియెట్‌లో వృత్తివిద్య. ఇందులో మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ వంటి కోర్సులున్నాయి. రెండేళ్లకు సర్టిఫికెట్టు చేతికి వచ్చినా, అంతటితో ఉద్యోగార్హత రాదు. గుర్తింపు పొందిన ఆసుపత్రిలో ఏడాది అప్రెంటిస్ శిక్షణ పూర్తిచేసి, పారామెడికల్ బోర్డులో పేరు నమోదు చేయించుకోవాలి. ఈ ఏడాది శిక్షణను వదిలేసినవారు తరువాత ప్రభుత్వ నియామకాల వద్ద నిలిచిపోతున్నారు.

రెండవ మెట్టు: ఇంటర్ తరువాత రెండేళ్ల డిప్లొమా. ల్యాబ్ టెక్నాలజీ, మెడికల్ ఇమేజింగ్, కంటి సహాయకులు, ఆప్టోమెట్రీ, మత్తుమందు విభాగం, డయాలసిస్, క్యాథ్‌ల్యాబ్ మొదలైనవి ఇందులో ఉన్నాయి. ఎంపిక ఇంటర్ మార్కుల ఆధారంగా జరుగుతుంది. బైపీసీ వారికి తొలి ప్రాధాన్యం. సీట్లు మిగిలితే ఎంపీసీ వారికి, ఆ తరువాత ఇతర గ్రూపుల వారికి అవకాశమిస్తారు. కాబట్టి ఎంపీసీ విద్యార్థులకు తలుపులు పూర్తిగా మూసుకొని లేవు.

మూడవ మెట్టు: డిగ్రీ. బీఎస్సీ పారామెడికల్ కోర్సులు సాధారణంగా మూడేళ్ల చదువు, ఆపై ఏడాది ఇంటర్న్‌షిప్‌తో ముగుస్తాయి. ఫిజియోథెరపీ డిగ్రీ, అంటే బీపీటీ, నాలుగున్నరేళ్ల కోర్సుగా నడుస్తూ వచ్చింది. జాతీయ కమిషన్ 2025లో విడుదల చేసిన కొత్త పాఠ్యప్రణాళిక దీనిని ఇంటర్న్‌షిప్‌తో కలిపి 5 ఏళ్లుగా నిర్దేశించి, ప్రవేశానికి నీట్‌ను పేర్కొన్నది. ప్రవేశ విధానం మార్పు దశలో ఉన్నది గనుక, నిరుడు చేరిన స్నేహితుని మాటపై ఆధారపడక, ఆ ఏటి ప్రకటనను స్వయంగా చదువుకోవాలి. డిగ్రీ తరువాత ఎమ్మెస్సీ, ఎంపీటీ వంటి పీజీ చదువులున్నాయి. బోధన వైపు పోదలచినవారికి అవి తప్పనిసరి.

ఏ కొలువులో ఏ పని?

ల్యాబ్ టెక్నీషియన్: రక్తం, మూత్రం, తెమడ పరీక్షలు చేస్తారు. క్షయ, మలేరియా వంటి వ్యాధులను తొలుత పట్టిచ్చేది ఈ బల్లపైనే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి పెద్దాసుపత్రి వరకు ఈ కొలువు ఉంటుంది. రక్తనిధి కేంద్రాల్లో పనిచేయడానికి డిప్లొమా వారికి ఏడాది, డిగ్రీ వారికి ఆరు నెలల అనుభవం ఉండాలని ఔషధ నిబంధనలు చెబుతున్నాయి. ఈ జిల్లాలో మరొక ప్రత్యేకత ఫ్లోరైడ్. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదన్నది ప్రమాణం. 2008-09లో మొదలైన జాతీయ ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం కింద జిల్లా ప్రయోగశాలల్లో నీటిలోను, మూత్రంలోను ఫ్లోరైడ్‌ను కొలిచే ఏర్పాటు చేశారు. ఆ కొలత చేసేదీ టెక్నీషియనే.

ఎక్స్‌రే, ఇమేజింగ్ టెక్నీషియన్: ఎక్స్‌రే, సీటీ, ఎమ్మారై యంత్రాలను నడుపుతారు. అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం రేడియేషన్ వద్ద పనిచేసేవారు కొలత బ్యాడ్జి ధరించాలి. వారిపై పడే రేడియేషన్ ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులకు మించరాదు. ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటరాదు. బ్యాడ్జి ఇవ్వకుండా, సీసపు కవచం లేకుండా పని చేయించే చోట చేరరాదు. గర్భిణులకు అల్ట్రాసౌండ్ స్కానింగు చేసే అధికారం 1994 నాటి లింగ నిర్ధారణ నిరోధక చట్టం ప్రకారం అర్హులైన వైద్యులకే ఉన్నది. డిప్లొమాతో స్కానింగు కేంద్రం పెట్టుకోవచ్చునని ఎవరైనా చెబితే అది చట్టవిరుద్ధమని గ్రహించాలి.

డయాలసిస్ టెక్నీషియన్: మూత్రపిండాలు పనిచేయనివారికి సాధారణంగా వారానికి రెండు మూడు పర్యాయాలు, ఒక్కొక్కసారి నాలుగు గంటల చొప్పున యంత్రంతో రక్తశుద్ధి చేస్తారు. నిమిషానికి 500 మిల్లీలీటర్ల ద్రవం పారుతుంది కాబట్టి, ఒక్క విడతకు 120 లీటర్ల అతి శుద్ధమైన నీరు కావాలి. బోరు నీటిలో ఉప్పులు, ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే ఈ సీమలో ఆ నీటిని శుద్ధి చేసే యంత్రాన్ని కనిపెట్టి ఉండటం టెక్నీషియన్ బాధ్యతల్లో కీలకమైనది. నీటిలో లోపం నేరుగా రోగి రక్తానికి చేరుతుంది. 2016లో ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం వచ్చాక జిల్లా ఆసుపత్రుల స్థాయిలో ఈ కొలువులకు అవకాశం ఏర్పడింది.

మత్తుమందు, ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్: శస్త్రచికిత్సకు ముందు యంత్రాలను, ఆక్సిజన్‌ను, గొట్టాలను సరిచూసి మత్తు వైద్యునికి తోడ్పడతారు. మత్తు ఇచ్చేది వైద్యుడే. సాధనం సమయానికి చేతికందడం మాత్రం వీరి మీద ఆధారపడి ఉంటుంది.

క్యాథ్‌ల్యాబ్, పెర్ఫ్యూజన్ నిపుణులు: ఇవి గుండె చికిత్సకు సంబంధించినవి. కొలువులు తక్కువ. పెద్ద ఆసుపత్రులున్న నగరాలకే పరిమితం. ఊరికి దగ్గరలో ఉద్యోగం కావాలనుకొనేవారు ఆలోచించి ఎంచుకోవాలి.

కంటి సహాయకులు, ఆప్టోమెట్రిస్టులు: సహాయకుల డిప్లొమా రెండేళ్లు, ఆప్టోమెట్రీ డిగ్రీ నాలుగేళ్లు. దేశంలో అంధత్వ నివారణ జాతీయ కార్యక్రమం 1976 నుంచి అమల్లో ఉన్నది. చూపు పరీక్షించి అద్దాల నంబరు నిర్ణయించడం, శుక్లాలను గుర్తించి ఆసుపత్రికి పంపడం వీరి పని. కళ్లద్దాల దుకాణాల్లో, సొంత కేంద్రాల్లోనూ ఉపాధికి వీలున్నది.

ఫిజియోథెరపిస్టు: పక్షవాతం, ఎముక విరుగుడు, కీళ్ల నొప్పుల తరువాత కదలికను తిరిగి తెప్పిస్తారు. ఫ్లోరోసిస్‌తో వెన్ను, కీళ్లు బిగుసుకుపోయినవారికి పూర్తి నయం లేకున్నా, వ్యాయామంతో నొప్పి తగ్గించి ఉన్న కదలికను కాపాడవచ్చు. మండల కేంద్రాల్లో ఈ సేవ ఇప్పటికీ అరుదు. సొంతంగా నిలదొక్కుకోగల వృత్తుల్లో ఇది ముందున్నది.

మాట, వినికిడి, కృత్రిమ అవయవాల నిపుణులు: పుట్టు చెవుడు ఉన్న పిల్లలకు మాట నేర్పడం, కాలు కోల్పోయినవారికి కృత్రిమ కాలు అమర్చడం వీరి విద్య. ఈ కోర్సులను 1992 చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలి గుర్తిస్తుంది. రిజిస్ట్రేషన్ కూడా అక్కడే. వీటి గురించి మన పల్లెల్లో తెలిసినవారు తక్కువ. అందువలన పోటీ కూడా తక్కువ.

పోషకాహార నిపుణులు: మధుమేహం, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి ఆహార నియమం నిర్ణయిస్తారు. డిగ్రీ తరువాత డైటెటిక్స్‌లో పీజీ డిప్లొమాగాని, పీజీగాని ఉంటేనే ఆసుపత్రుల్లో విలువ. 1968లో ఏర్పడిన అనంతపురం శ్రీ సత్యసాయి మహిళా ప్రాంగణంలో ఆహార, పోషక శాస్త్రాల చదువు ఉన్నది. అక్కడ బోధన రుసుము వసూలు చేయరు.

అత్యవసర వైద్య టెక్నీషియన్: ప్రమాద స్థలం నుంచి ఆసుపత్రి చేరేవరకు రోగి ప్రాణం వీరి చేతిలో ఉంటుంది. జాతీయ రహదారి పొడవునా ప్రమాదాలు జరిగే జిల్లాలో ఈ కొలువు అవసరం చెప్పనక్కరలేదు. రాత్రింబవళ్లు వంతులవారీ విధులకు సిద్ధపడాలి.

చదువులు ఎక్కడ?

డిప్లొమా సీట్లు ప్రభుత్వ వైద్య కళాశాలల్లోను, బోర్డు గుర్తించిన ప్రైవేటు సంస్థల్లోను ఉంటాయి. ఏ కళాశాలలో ఏ కోర్సుకు ఎన్ని సీట్లున్నవో ఏటా బోర్డు ప్రకటనలో ఇస్తారు. ప్రభుత్వ కళాశాలలో సీటుకు మొదటి ప్రాధాన్యమివ్వాలి. రుసుము తక్కువన్నది ఒక కారణం. రోగుల రద్దీ ఉన్న ఆసుపత్రిలో చేతిపని నేర్చుకోవచ్చునన్నది అంతకంటె పెద్ద కారణం.

తిరుపతిలో 1993లో మొదలైన శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ, అంటే స్విమ్స్, విశ్వవిద్యాలయ హోదాతో బీపీటీ, బీఎస్సీ ల్యాబ్, ఇమేజింగ్, డయాలసిస్, మత్తుమందు, పెర్ఫ్యూజన్ వంటి డిగ్రీలను అందిస్తున్నది. దీనికి దరఖాస్తు విడిగా చేసుకోవాలి. కర్నూలు వైద్య కళాశాల 1957 నాటిది. రాయలసీమలో అది పాత బోధనాసుపత్రి.

ఉమ్మడి జిల్లా పిల్లలు ఎక్కువమంది బెంగళూరు బాట పడతారు. అక్కడ డిగ్రీ కోర్సులకు రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయ అనుబంధం, డిప్లొమాలకు కర్ణాటక పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉన్నదో లేదో చూడాలి. మాట, వినికిడి విద్యకు మైసూరులోని అఖిల భారత సంస్థ, పలు టెక్నీషియన్ కోర్సులకు వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల పేరొందినవి. పొరుగు రాష్ట్రంలో చదివినవారు ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉద్యోగం కోరితే, ఇక్కడి బోర్డులో నమోదు కావలసి ఉంటుంది. ఆ నమోదుకు తమ కోర్సు పనికివస్తుందా అన్నది చేరకముందే బోర్డు కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. కళాశాల ప్రతినిధి నోటిమాట చెల్లదు.

చేరే ముందు చూడవలసినవి

ఫలితాల కాలంలో కుందుర్పి నుంచి అగళి వరకు పల్లెపల్లెకూ కళాశాలల దళారులు తిరుగుతారు. రుసుములో రాయితీ, హాస్టలు ఉచితం, నూటికి నూరుపాళ్లు ఉద్యోగం అన్న మాటలు వినిపిస్తాయి. సంతకం చేసే ముందు ఈ విషయాలు సరిచూసుకోవాలి.

ఒకటి: సంస్థ పేరు బోర్డు గాని విశ్వవిద్యాలయం గాని ప్రకటించిన ఆ ఏటి జాబితాలో ఉన్నదా? నిరుటి గుర్తింపు ఈ ఏటికి చాలదు. సంస్థకు గుర్తింపు ఉన్నా, మీరు చేరే కోర్సుకు ఉన్నదో లేదో వేరుగా చూడాలి.

రెండు: సర్టిఫికెట్టుపై ఎవరి ముద్ర ఉంటుంది? ప్రభుత్వ బోర్డు, గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయం కాక, ఏదో ట్రస్టు పేరో, సొసైటీ పేరో ఉంటే దానితో రిజిస్ట్రేషన్ రాదు.

మూడు: శిక్షణ ఏ ఆసుపత్రిలో? పడకలెన్ని, రోజుకు వచ్చే రోగులెందరు, నేర్వబోయే యంత్రం అక్కడ ఉన్నదా? ఒక పర్యాయం స్వయంగా వెళ్లి చూసి రావాలి. డయాలసిస్ కోర్సు చెబుతూ డయాలసిస్ యంత్రమే లేని చోట నేర్చుకొనేదేమీ ఉండదు.

నాలుగు: అసలు సర్టిఫికెట్లు అడుగుతున్నారా? విశ్వవిద్యాలయాలు, వాటి అనుబంధ కళాశాలలు విద్యార్థుల అసలు పత్రాలను సరిచూసి వెంటనే తిరిగి ఇవ్వాలని, తమ వద్ద ఉంచుకోరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో ఆదేశించింది. పత్రాలు చిక్కుకొని, కోర్సు మానలేక, రుసుము కట్టలేక ఇబ్బంది పడే స్థితిని ముందే తప్పించుకోవాలి.

ఐదు: ఏటా కట్టవలసిన మొత్తం ఎంత? చేరే రోజు రుసుముతోపాటు పరీక్ష, ప్రయోగశాల, యూనిఫారం, హాస్టలు ఖర్చులన్నీ కాగితంపై రాయించుకొని రసీదు తీసుకోవాలి.

ఖర్చుకు దారి

ప్రభుత్వ ఉపకార వేతనాలు, ఫీజు రీయింబర్స్‌మెంటు వర్తింపు కోర్సును, సంస్థను, సీటు కోటాను బట్టి మారుతుంది. యాజమాన్య కోటాలో చేరి, తరువాత ప్రభుత్వ సాయం వస్తుందని ఆశపడటం సరికాదు. కుల, ఆదాయ ధ్రువపత్రాలను ఫలితాలకు ముందే సిద్ధం చేసుకోవాలి.

బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం విద్యారుణం 4 లక్షల రూపాయల వరకు విద్యార్థి తన వంతుగా ఏమీ పెట్టనక్కరలేదు. కేంద్రం హామీ నిధి పథకం కింద 7.5 లక్షల వరకు ఆస్తి తాకట్టు లేకుండా రుణం పొందే వీలున్నది. తల్లిదండ్రులు సహ రుణగ్రహీతలుగా సంతకం చేయాలి. గుర్తింపు ఉన్న కోర్సులకే బ్యాంకులు రుణమిస్తాయి. కాబట్టి సంస్థ పేరు విని బ్యాంకు అధికారి వెనుకాడితే, కారణమేమిటని అడిగి తెలుసుకోవాలి. వడ్డీ వ్యాపారి ఆ ప్రశ్న వేయడు.

కొలువుల లెక్క

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పోస్టులను ఎక్కువగా కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగు పద్ధతిలో జిల్లాల వారీగా భర్తీ చేస్తున్నారు. ఇటీవలి సంవత్సరాల ప్రకటనల్లో రాత పరీక్ష లేకుండా, అర్హత పరీక్ష మార్కులకు 75 శాతం, కోర్సు ముగిసి గడిచిన కాలానికి ఏడాదికి ఒక మార్కు చొప్పున 10 వరకు, గత సేవకు 15 శాతం వరకు వెయిటేజీ ఇస్తూ వచ్చారు. గత సేవ లెక్కలో గ్రామీణ ప్రాంతంలో చేసిన ఆరు నెలలకు 2 మార్కులు, పట్టణంలో చేసినదానికి 1 మార్కు. ఊరి ఆరోగ్య కేంద్రంలో పనిచేయడం నష్టం కాదని దీనివలన తెలుస్తున్నది. డిప్లొమాలో వచ్చే మార్కులే తరువాత ఉద్యోగం తేల్చుతాయి గనుక, పాసైతే చాలునన్న ధోరణి పనికిరాదు. దరఖాస్తుకు పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ జతచేయాలి. అది లేని దరఖాస్తును పక్కన పెడతారు.

గుంతకల్లు రైల్వే డివిజన్ కేంద్రం కావడంతో రైల్వే కొలువులపై ఇక్కడి యువతకు ఆసక్తి ఎక్కువ. రైల్వే నియామక మండళ్లు 2024లో 1,376 పారామెడికల్ పోస్టులకు ప్రకటన ఇచ్చాయి. అందులో 713 నర్సింగ్, 246 ఫార్మసిస్టు పోస్టులు. డయాలసిస్, ఎక్స్‌రే, ల్యాబ్, ఫిజియోథెరపీ తదితర విభాగాలన్నింటికీ కలిపి మిగిలినవి 417, అవి కూడా దేశం మొత్తానికి. డయాలసిస్ టెక్నీషియన్, ల్యాబ్ సూపరింటెండెంట్ పోస్టులకు తొలి మూలవేతనం 35,400 రూపాయలు, రేడియోగ్రాఫర్‌కు 29,200 రూపాయలు. వేతనం ఆకర్షణీయమే గాని, పోటీ తీవ్రం. రైల్వే ఒక్కటే గురిగా పెట్టుకొని ఏళ్లు వెచ్చించడం తగదు.

ప్రైవేటు రంగంలో కొలువులు ఎక్కువ. చిన్న ప్రయోగశాలల్లో, నర్సింగ్ హోముల్లో తొలి జీతాలు మాత్రం తక్కువ. మొదటి రెండేళ్లను అనుభవం సంపాదించే కాలంగా భావించి, పని ఎక్కువగా నేర్పే చోటును ఎంచుకొంటే తరువాత ఎదుగుదల ఉంటుంది. పనిచేసిన ప్రతి సంస్థ నుంచి అనుభవ ధ్రువపత్రం తీసుకోవడం మరువరాదు.

ఎవరికి తగును?

రక్తం, గాయాలు చూసి తట్టుకోగలగాలి. రాత్రి విధులు, పండుగ నాటి విధులు తప్పవు. సూది గుచ్చుకొంటే సోకే వ్యాధుల ప్రమాదం ల్యాబ్, డయాలసిస్ సిబ్బందికి ఉంటుంది. శిక్షణలో చేరగానే హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులు, అంటే మొదటిది వేసుకొన్నాక నెలకు రెండవది, ఆరో నెలలో మూడవది, పూర్తిచేసుకోవాలి. పాఠ్యపుస్తకాలు ఆంగ్లంలో ఉంటాయి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి తొలి ఆరు నెలలు కష్టం. అవయవాల పేర్లు, పరీక్షల పేర్లు వేసవిలోనే అలవాటు చేసుకొంటే ఆ భారం తగ్గుతుంది. రోగి నమూనాపై పేరు తప్పు రాస్తే చికిత్సే మారిపోతుంది. ఓపిక, శ్రద్ధ లేనివారు ఈ రంగానికి రాకపోవడమే మేలు.

పల్లె నుంచి వచ్చిన విద్యార్థికి ఇక్కడ ఒక అనుకూలత ఉన్నది. ఎక్స్‌రే గదికి భయపడుతూ వచ్చే వృద్ధురాలితో, డయాలసిస్ ఖర్చెంతని అడిగే రైతుతో వారి మాటలోనే మాట్లాడగలగడం ఆసుపత్రికి అవసరమైన అర్హతే.

ఈ వేసవిలో చేయవలసినవి

ఫలితాలకు ముందు: ఆదాయ, కుల, స్థానికత పత్రాలు, ఆధార్, పదో తరగతి మార్కుల జాబితా సిద్ధం చేసుకోవాలి. విశ్వవిద్యాలయ కోర్సులకు ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండి ఉండాలి.

ఫలితాల వెంటనే: పారామెడికల్ బోర్డు, ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, స్విమ్స్ ప్రకటనలను వారానికొకసారి సరిచూడాలి. ఈ మూడింటి తేదీలు వేర్వేరుగా ఉంటాయి. ఒకదాని కోసం ఎదురుచూస్తూ మరొకటి వదులుకోరాదు.

దరఖాస్తుకు ముందు: దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి, తాము ఎంచుకొన్న విభాగంలో పనిచేసేవారిని ఎక్కడ చదివారో, రిజిస్ట్రేషన్ ఎలా పొందారో అడగాలి. ప్రకటనలు చెప్పని సంగతులు వారు చెబుతారు.

కోర్సు ముగిశాక: ఫలితం వచ్చిన వెంటనే బోర్డులో పేరు నమోదు చేయించుకోవాలి. ఉద్యోగ ప్రకటన వచ్చాక నమోదుకు పరుగెత్తేవారికి గడువు దాటిపోతున్నది. నమోదు పత్రాన్ని, దాని పునరుద్ధరణ తేదీని పదో తరగతి సర్టిఫికెట్టంత భద్రంగా దాచుకోవాలి.